సంపులో పడ్డ పాలు

ఆ సోమవారం పొద్దున శ్రీలేఖ వేసుకున్న పథకం చాలా చిన్నది. తూంకుంటలో ప్రొఫెసర్ కృష్ణారావు గారింటికి వెళ్లాలి. వణక్కుండా కూర్చోవాలి. ఆయన చేత సిఫారసు లేఖ పంపించుకుని, ప్రాణాలతో బయటపడాలి. మధ్యాహ్నానికి మళ్లీ శామీర్‌పేటలో ఇంట్లో అన్నం తింటూ ఉండాలి.

ఈ పథకంలో ఎక్కడా చేప లేదు.

చేపను అందులోకి తెచ్చింది తల్లి బాలనర్సమ్మ. పాలు పోసుకునే అల్యూమినియం క్యాను ఒకటి తెచ్చి, మూత బిగించి, కూతురి కాళ్ల దగ్గర పెట్టింది. లోపల ఏదో దభీమని కొట్టుకుంది.

"ఏందమ్మా గది?" అని శ్రీలేఖ రెండడుగులు వెనక్కి వేసింది.

"కొర్రమట్ట. మీ బాపు వలల పడ్డది. పానంతోటున్నది. గిన్ని నీళ్లుంటే సాలు, పొద్దుమూకినా సావది. సారు పెండ్లాం చేతుల వెట్టి దండం వెట్టు, ఇగ సూడు."

"అమ్మా, సారు లంచం అనుకుంటడే!"

"శాప లంచమెట్లయితదే? లంచమంటే పైసలు. శాపంటే మర్యాద. ఉత్త చేతులు ఊపుకుంట పోతే మీ సదువు సక్కదనం ఇంతేనా అంటరు నన్ను."

బాలనర్సమ్మతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఊళ్లో లేరు. కరీంనగర్ రోడ్డు పక్కన బుట్ట పెట్టుకుని చేపలమ్మే ఆమె దగ్గర కార్లలో వచ్చేవాళ్లే బేరం ఆడలేక అడిగినంత ఇచ్చి పోతారు. శ్రీలేఖ క్యాను ఎత్తుకుంది.

ఆ ఇల్లు చెరువు మీద బతికే ఇల్లు. తండ్రి భిక్షం వల వేస్తాడు, తల్లి అమ్ముతుంది. బట్టలు, పుస్తకాలు, చివరికి హాల్‌టికెట్టు కూడా చేపల వాసన వేసే ఆ ఇంట్లోంచి ఎప్పటికైనా బయటపడాలన్న ఒక్క పట్టుదలతో శ్రీలేఖ జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడ జన్యుశాస్త్ర విభాగంలో తెల్లకోటు వేసుకుని, చల్లటి గదిలో, గాజు గొట్టాల మధ్య కూర్చుంటారు. ఆ గదిలో ఏ వాసనా ఉండదని ఎవరో చెప్పారు. దరఖాస్తు పంపింది. అన్నీ పూర్తయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే. ప్రాజెక్టు చేయించిన ప్రొఫెసర్ ఆ సంస్థ పంపిన లింకు తెరిచి, ఆమె గురించి రాసి పంపాలి. గడువు ఈ సాయంత్రంతో ఆఖరు. అది అందకపోతే దరఖాస్తు చెల్లదు.

అసలు భయం గడువు గురించి కాదు, కృష్ణారావు గారి గురించి. ఆయన లేఖలో అబద్ధం రాయడు. ఆ మాట విభాగంలో అందరికీ తెలుసు. సీనియర్ అన్వేష్ గురించి ఆయన రాసిన లేఖలో ఇలా ఉంది: "బస్సు పాసు చెల్లినన్నాళ్లూ ఈ విద్యార్థి కాలేజీకి క్రమం తప్పకుండా వచ్చాడు." అన్వేష్ ఇప్పుడు గండిమైసమ్మ చౌరస్తాలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. బాగానే సంపాదిస్తున్నాడు గానీ, సైన్సు పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకుంటాడు.

తూంకుంటలో ఆటో దిగి కాలనీ గేటు ముందు నిలబడేసరికి మొదటి దెబ్బ తగిలింది. గేటు పక్కన కొత్త బోర్డు ఉంది. ఎర్ర అక్షరాలు.

"కాలనీలోకి చేపల బుట్టలకు ప్రవేశం లేదు. ఇట్లు, ప్రొ. కృష్ణారావు, అధ్యక్షుడు, కాలనీ సంఘం."

సరిగ్గా ఆ క్షణానే క్యానులో చేప తోక ఝాడించింది. వాచ్‌మన్ తలెత్తాడు.

"క్యాన్ల ఏందమ్మా?"

ఆమె మూత మీద చెయ్యి అదిమింది.

"పాలా?" అని అతనే జవాబు చెప్పుకున్నాడు. "కార్తీక సోమవారం గదా, పొద్దటి సంది అందరికి పాలే. ఏ ఇంటికి? ప్రెసిడెంటు సారింటికా? పో పో, నేను ఫోన్ జేసి చెప్తా."

వెనక్కి తిరిగిపోవాలనిపించింది. కానీ అప్పటికే అతను ఫోన్ అందుకున్నాడు.

ఇంటి ముందు తులసికోట దగ్గర దీపం వెలుగుతోంది. ప్రొఫెసర్ గారి భార్య జానకీదేవి తడి జుట్టు ముడి వేసుకుని ఎదురొచ్చింది. కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. మనిషి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు శ్రీలేఖకు మరింత భయం పుట్టించింది.

"రా తల్లీ, రా. ఆయన జపంలో ఉన్నారు, వచ్చేస్తారు. ఈ నెలంతా మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టం. సాయంత్రం అభిషేకం. పాకెట్టు పాలు శివుడికి పొయ్యడం నాకిష్టం ఉండదు, ఎలాగా అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో వాచ్‌మన్ ఫోన్ చేశాడు, క్యానులో పాలొస్తున్నాయని! గేదె పాలేనా?"

శివుడి అభిషేకానికి కొర్రమట్ట. శ్రీలేఖ కళ్ల ముందు ఆ దృశ్యం మెరిసి మాయమైంది.

"ఉండు, గిన్నె తెస్తాను," అని జానకీదేవి లోపలికి వెళ్లింది.

ఎంతసేపు ఉంటుంది వంటింటికి? పోయి రావడానికి ఊపిరి తీసుకున్నంత సేపు. శ్రీలేఖ చుట్టూ చూసింది. ప్రహరీ ఎత్తుగా ఉంది. గేటు దగ్గర మనుషులున్నారు. పూలకుండీలు చిన్నవి. అప్పుడు కనిపించింది సంపు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు నింపుకునేందుకు దాని ఇనుప మూత సగం తీసి ఉంది. లోపల చీకటి, నిండుగా నీళ్లు.

ఆలోచన లేదు. చేతులే పని చేశాయి. మూత ఊడింది, క్యాను వంగింది, నల్లటి మెరుపు ఒకటి బుడుంగున మునిగింది.

"హమ్మయ్య," అనుకుంది. ఆ రోజు ఆ మాట అనుకోవడం అదే ఆఖరు.

గిన్నెతో వచ్చిన జానకీదేవి ఖాళీ క్యానులోకి తొంగి చూసింది. "పాలేవమ్మా?"

"ఒ... ఒలికినయి మేడం."

"అయ్యయ్యో. ఎక్కడ?"

చుట్టూ గచ్చు పొడిగా, దీపం వెలుగులో అద్దంలా మెరుస్తోంది. ఒక్క చుక్క తడి లేదు. శ్రీలేఖ వేలు దానంతటదే లేచి సంపు వైపు చూపించింది.

"అండ్లె."

"ఏవండీ!" అని జానకీదేవి కేక పెట్టింది.

కృష్ణారావు బయటకొచ్చాడు. విభూతి రేఖలు, కళ్లద్దాలు, వాటి వెనక రెండు సూదులు. ఆయన ముందుగా శ్రీలేఖను గుర్తుపట్టాడు. "శ్రీలేఖ. ప్రాజెక్టు రిపోర్టులో రెండు పట్టికలు తారుమారు చేసిన అమ్మాయి." అదే ఆయన పలకరింపు.

"నమస్తే సార్," అన్నది ఆమె ఖాళీ క్యానును గుండెలకు హత్తుకుని.

సంగతి విన్నాక ఆయన సంపులోకి వంగి చూశాడు. నీళ్లలో తెలుపు కనిపించలేదు. "బాగా కలిసిపోయాయి," అని తేల్చాడు. "పాలు పడ్డ నీళ్లు రేపటికల్లా కంపు కొడతాయి. మొత్తం తోడించి కడగాల్సిందే." మోటరుకు పొడుగాటి గొట్టం తగిలించి వీధి వైపు పెట్టి స్విచ్చి వేశాడు.

"వద్దు సార్!"

"ఎందుకొద్దు?"

"నీళ్లు... ఖరాబైతయి సార్. అంటే, వృథా."

ఆయన మొదటిసారి ఆమె వైపు కొంచెం మెచ్చుకోలుగా చూశాడు. "మంచి ఆలోచనే. పాలు పొయ్యక ముందు వచ్చి ఉంటే ఇంకా బాగుండేది. లోపలికి రా, నీ లేఖ సంగతి చూద్దాం."

చదువుగదిలో ఆయన పాత లాప్‌టాప్ తెరిచాడు. బయట మోటరు ఉరుముతోంది. నీళ్లు తగ్గుతున్నాయి. ఎంత తగ్గితే వీపు బయటపడుతుందో ఆ జాతి గురించి శ్రీలేఖకు తెలిసినంతగా ఆ కాలనీలో ఎవరికీ తెలియదు. ఆమె చెవులు మోటరు మీద, కళ్లు తెర మీద పెట్టి కూర్చుంది.

"విషయ పరిజ్ఞానం," అని చదివి ఆయన ఏదో కొట్టాడు. "పట్టుదల." మళ్లీ కొట్టాడు. చివరికి ఆగి, కళ్లద్దాలు పైకి జరిపాడు. "అభ్యర్థి నిజాయితీ గురించి మీ అభిప్రాయం అని అడిగారు. ఏం రాయమంటావు?"

శ్రీలేఖ కుర్చీ అంచుకు జరిగింది.

"మీ ఇష్టం సార్."

"నా ఇష్టం కాదమ్మా. నిజం రాయాలి."

అదే సమయానికి బయట మోటరు గొంతు మారింది. ఉరుము కాస్తా గురకైంది, గురక కాస్తా మూలుగైంది. గొట్టంలో నీళ్లు ఆగిపోయాయి. ఏదో లావుపాటిది వెళ్లి మోటరు నోటికి అడ్డం పడింది. అదేమిటో శ్రీలేఖకు చూడకుండానే తెలుసు.

"సార్! ప్రెసిడెంటు సార్!" అని వీధిలోంచి కేక. కాలనీ సంఘం కార్యదర్శి భానుప్రకాశ్. మేడ్చల్ మనిషి. ఏ ఇంటి ముందు ఏం జరిగినా ఆ ఇంటివాళ్ల కంటే ముందు అతనుంటాడు. "ఏంది సార్ గిది? రోడ్డు మీద నీళ్లిడిస్తే జుర్మానా అని మీరే గద సంతకం వెట్టిండ్రు? ఇగ మీరే నదులు పారిస్తే మేమేం జెప్పాలె జనాలకు?"

"సంపులో పాలు పడ్డాయయ్యా," అన్నాడు కృష్ణారావు బయటకొచ్చి.

"మరి మోటరెందుకు మూల్గుతాంది? ఉండుండ్రి, నేను జూస్త." భానుప్రకాశ్ సెల్‌ఫోను లైటు వేసి సంపు మీద బోర్లా పడుకున్నాడు. తల లోపల పెట్టాడు. తర్వాత ఆ తల ఎంత వేగంగా బయటకు వచ్చిందంటే ఫోను గాల్లో ఎగిరి పూలకుండీలో పడింది.

"పాము!"

జానకీదేవి చేతిలోంచి గిన్నె జారింది.

"నల్లగ... గింత లావు... ఒంటి నిండ మచ్చలు... నా దిక్కే జూసింది సార్!"

"కట్లపామా, రక్తపింజరా?" అన్నాడు కృష్ణారావు శాస్త్రీయంగా.

"పానం పోయి పానం వచ్చింది, రకం అడుగుతుండ్రేంది సార్! ముందు మెయిన్ బంద్ జేయుండ్రి! మోటరు నీళ్లల్లనే ఉన్నది, కరెంటు పాసైతే ఇంటిల్లిపాది మాడిపోతరు!" అని తానే పరుగెత్తి వెళ్లి మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు.

ఇంట్లో ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. చదువుగదిలో తెర నల్లబడింది. ఆ లాప్‌టాప్‌కు బ్యాటరీ చచ్చిపోయి చాలాకాలమైంది. అది తీగకు కట్టేసిన ఆవులా గోడ స్విచ్చి మీదే బతుకుతోంది.

"సార్," అన్నది శ్రీలేఖ. "పంపిండ్రా?"

"లేదు. నిజాయితీ దగ్గర ఆగాను."

"నా ఫోన్ల చేస్తరా సార్?"

"ఆ చిన్న తెర మీద నేను మనుషుల భవిష్యత్తు రాయను."

అరుపులకు వీధి వీధంతా వచ్చి గేటు ముందు నిలబడింది. పాములు పట్టే సాయినాథ్‌కు ఎవరో ఫోన్ చేశారు. అతను కొంపల్లిలో ఒక విల్లాలో నాగుపాము వెనక ఉన్నాడట. అది స్నానాలగదిలో దూరి బయటికి రావడం లేదట. వచ్చేసరికి చీకటి పడుతుందని, అప్పటిదాకా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని చెప్పాడు. వెంటనే భానుప్రకాశ్ ఒక చీపురు కట్ట తిరగేసి పట్టుకుని మెయిన్ స్విచ్చి ముందు కాపలా నిలబడ్డాడు. "పాము దొరికేదాంక ఇండ్ల దీపం గూడ వెలగది. నేనుండంగ ఒక్కల పానం గూడ పోనియ్య."

శ్రీలేఖ లెక్క వేసుకుంది. చీకటి పడితే గడువు పోతుంది. గడువు పోతే బెంగళూరు పోతుంది. బెంగళూరు పోతే మిగిలేది బుట్ట, త్రాసు, కరీంనగర్ రోడ్డు. ఇప్పుడే నిజం చెబితే? నిజాయితీ దగ్గర ఆగిన మనిషికి రాయడానికి సరుకు దొరుకుతుంది. ఒకవైపు గొయ్యి, ఇంకోవైపు సంపు. ఆమె సంపును ఎంచుకుంది.

"నేను దిగుతా సార్," అన్నది.

"ఏందీ?" అన్నాడు భానుప్రకాశ్ చీపురు దించి.

"పాలు వోసింది నేనే గద. నేనే దిగి తీస్తా."

కృష్ణారావు గారి మొహంలో రంగు మారింది. విద్యార్థులను భయపెట్టడమే తెలిసిన ఆ మనిషి భయపడటం ఎవరూ చూడలేదు. "పిచ్చా నీకు? ఒక లేఖ కోసం ప్రాణం తీసుకుంటావా? రేపు మీ అమ్మకు నేనేం చెప్పాలి?"

ఆమెకు ఏడుపొచ్చింది. అది నిజమైన ఏడుపే, కారణం వేరు. చూసినవాళ్లకు అది త్యాగంలా కనిపించింది. జానకీదేవి వచ్చి ఆమె నుదుట విభూతి పెట్టి, "శివుడున్నాడు తల్లీ," అన్నది. శ్రీలేఖ ఫోను తడవకుండా ఆమె చేతికే ఇచ్చి, చున్నీ నడుముకు చుట్టి, నిచ్చెన మెట్ల మీదుగా లోపలికి దిగింది.

లోపల మోకాళ్ల లోతు నీళ్లు. పైనుంచి చతురస్రంగా కాస్త వెలుతురు. ఆమె వంగి మోటరు దగ్గర చేయి పెట్టింది. జిగురుగా తగిలింది. పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. కొర్రమట్ట తోకతో చెంప మీద ఛెళ్లుమని కొట్టి చీకట్లోకి పోయింది. పై నుంచి చూస్తున్నవాళ్లకు నీళ్ల చప్పుడు, "అబ్బా" అన్న మూలుగు మాత్రమే వినిపించాయి.

"కరిసింది! పిల్లను కరిసింది!" అని భానుప్రకాశ్ గోల పెట్టాడు.

"కరవలే!" అని ఆమె లోపలి నుంచి అరిచింది. "కొట్టింది!"

"పాము కొడ్తదా?" అని ఎవరో అడిగారు.

అంతలో పైన ఫోను మోగింది. అది తన ఫోనే. ఆ పాట అమ్మ ఫోన్ చేసినప్పుడే మోగుతుంది.

"ఎత్తకుండ్రి మేడం!" అని కేక వేసింది. సంపు గోడలు ఆ కేకను మింగేశాయి.

"హలో," అన్నది జానకీదేవి గొంతు పైనుంచి. "ఆ, అవునండీ, మా ఇంట్లోనే ఉంది... ఇప్పుడు మాట్లాడలేదమ్మా, సంపులో ఉంది... పామును పడుతోంది." ఫోను చెవి మార్చిన గాజుల చప్పుడు. "ఏంటీ?... క్యానులోనా?... పాలు కాదా?" తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఎంత బరువుంటుంది?"

శ్రీలేఖ కళ్లు మూసుకుంది. అయిపోయింది. ఇక దాచేది ఏమీ లేదు. ఆ మొండితనంతోనే చేప మీద చున్నీ పరిచి, ఒక్క దెబ్బలో మూట కట్టి, చంకలో ఇరికించుకుని నిచ్చెన ఎక్కింది. ఇంటి వెనక్కి పరుగెత్తి గోడ అవతల పారేద్దామన్నది ఆమె చివరి ఆశ.

తల బయటపెట్టగానే జనం వెనక్కి తగ్గారు. భానుప్రకాశ్ చీపురు ఎత్తాడు. చీపురును చూసో, గాలి తగిలో, మూటలో ప్రాణి ఒక్క విదిలింపు విదిలించింది. చున్నీ విడిపోయింది. కొర్రమట్ట గాల్లో వంగి, ఎండలో మెరిసి, తులసికోట ముందు వెలుగుతున్న దీపం పక్కన ఛప్పున పడింది. రెండుసార్లు ఎగిరింది. నోరు తెరిచి అందరినీ చూసింది.

"చేప," అన్నారు ఎవరో చిన్నగా.

భానుప్రకాశ్ చేపను చూశాడు. దీపాన్ని చూశాడు. ప్రెసిడెంటు గారిని చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, వీధి చివర గేటు దగ్గరున్న ఎర్ర బోర్డు వైపు చూశాడు.

"సార్... చాప... మీ ఇంట్లనా? గది గూడ కార్తీక సోమవారం నాడు?"

ఇక నిజం చెప్పాల్సిందే. శ్రీలేఖ చేతులు జోడించి నోరు తెరిచింది. కృష్ణారావు చెయ్యెత్తి ఆపాడు.

"పరిశోధన," అన్నాడు.

"ఏందీ?"

"దోమల నివారణ మీద పరిశోధన. సంపుల్లో దోమలు గుడ్లు పెడతాయి. వాటి పిల్లల్ని చేప తింటుంది. ఈ అమ్మాయి నా దగ్గర పనిచేస్తోంది. లేకపోతే పాముందన్న సంపులోకి ఎవరైనా దిగుతారా? అందులో ఉన్నది పాము కాదని తనకు ముందే తెలుసు."

"మున్సిపాలిటోళ్లు ఇడిసే దోమల చాపలు చిటికెన ఏలంత ఉంటయి గద సార్? ఇది నా మోచెయ్యంత ఉన్నది."

"అవి చెరువులకు. ఇది సంపులకు."

"మరి పాలు?"

కృష్ణారావు కళ్లద్దాలు తీసి తుడిచాడు. జానకీదేవి ముందుకొచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, నెమ్మదిగా చెప్పింది. "దాని మేత."

జనంలోంచి "ఓహో" అన్న శబ్దం అలలా లేచింది. భానుప్రకాశ్ చీపురు కింద పెట్టేశాడు. అతని గొంతు మారిపోయింది. "సార్, వానాకాలంల మా ఇంట్ల ఇద్దరికి డెంగీ వచ్చింది. దావఖాన్లల్ల పడి పరేషానైపోయినం. గీ ముచ్చట మాకు ముందే జెప్పొద్దా? మా సంపుల గూడ ఒకటి ఇడిపియ్యుండ్రి సార్."

"మాకూ," అన్నారు పక్కింటివాళ్లు. "మాకు రెండు, పెద్ద సంపు," అన్నారు ఎదురింటివాళ్లు. కార్యదర్శి హోదాలో భానుప్రకాశ్ అక్కడికక్కడే ప్రకటించాడు: పరిశోధన చేపలకు గేటు దగ్గర అడ్డు లేదు. తర్వాత తానే వెళ్లి మెయిన్ పైకి నెట్టాడు. ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి.

చదువుగది తలుపు మూసి కృష్ణారావు గడియ పెట్టాడు. శ్రీలేఖ తడి బట్టలతో గోడకు అంటుకుని నిలబడింది. బయట వీధంతా చప్పట్లు కొడుతున్నా, ఈ గదిలో ఇంకా ఉరికంబమే ఉంది.

"సార్, మా అమ్మ ఉత్త చేతులతోటి పోవద్దన్నది. మీ బోర్డు జూసి భయమైంది. అందుకే..." మొదలుపెట్టి, గేటు దగ్గర నుంచి తోక దెబ్బ దాకా అంతా చెప్పేసింది.

ఆయన విని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "కొరమేను కదా?"

"మేము కొర్రమట్ట అంటం సార్."

"మాది గోదావరి పాయ పక్కన ఊరు. నేను నడక కంటే ముందు ఈత, ఈత కంటే ముందు చేపలు తినడం నేర్చుకున్నాను. అది దీపం పక్కన పడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టినట్టు మా ఆవిడకు తెలియకూడదని నా భయం." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "ఆ బోర్డు మడి కోసం పెట్టించాననుకున్నావా? ఈ నెలంతా మా ఆవిడ వ్రతం, దాంతోపాటు నాదీ. కిందటేడు ఈ నెలలోనే బుట్ట మా గుమ్మం ముందుకొచ్చింది. నేను ఓడిపోయాను. ఆవిడ మూడు వారాలు మాట్లాడలేదు. అందుకని ఈసారి బుట్టనే గేటు బయట ఆపించాను."

శ్రీలేఖకు నవ్వొచ్చింది. భయంతో దాన్ని మింగేసింది.

ఆయన లాప్‌టాప్ తెరిచాడు. ముఖం మళ్లీ పాత ముఖమైంది. నిజాయితీ గడిలో కొట్టి, గట్టిగా చదివాడు. "ఈమె అబద్ధం చెప్పగలదు గానీ ఎక్కువసేపు దాచలేదు." తలెత్తాడు. "అభ్యంతరమా?"

"లేదు సార్," అన్నది ఆమె నీరుగారిపోయి. అన్వేష్ దుకాణంలో ఖాళీ ఏదైనా ఉందేమో కనుక్కోవాలనుకుంది.

"ప్రస్తుత పరిశోధన," అని ఆయన కింది గడికి వెళ్లాడు. "ఇళ్ల నీటి సంపుల్లో కొరమేనుతో దోమల నివారణపై పరిశోధన చేస్తోంది."

"సార్! నేను చేస్తలేను సార్!"

"వీధిలో ఇందరి ముందు మొదలుపెట్టావు. నేను అబద్ధం రాయను. కాబట్టి నువ్వు ఇవాళ్టి నుంచి చేస్తావు."

"కానీ సార్, కొర్రమట్ట దోమ పిల్లల జోలికి పోదు. అది కప్పల్ని తింటది."

"ఆ సంగతి నీ పరిశోధనలో తేలాలి. తేలకముందే నేనెలా రాస్తాను?" అని ఆయన పంపే బొత్తాం నొక్కేశాడు.

తలుపు కొట్టిన చప్పుడు. జానకీదేవి రెండు కాఫీలు తెచ్చింది. ఒకటి శ్రీలేఖకు ఇచ్చి, రెండోది భర్త ముందు పెడుతూ అన్నది, "మీ నమూనాని మళ్లీ సంపులో వేయించాను. కార్తీకం వెళ్లిన మర్నాటిదాకా మూతకు తాళం. తాళంచెవి నా దగ్గరుంటుంది." శ్రీలేఖ వైపు తిరిగి, "మీ అమ్మతో మాట్లాడాను తల్లీ. చాలా మర్యాద తెలిసిన మనిషి. ఆ మర్నాడు పొద్దున్నే రమ్మన్నాను, పులుసులోకి ఇంకోటి కావాలి." కృష్ణారావు కాఫీలోకి చూస్తూ ఉండిపోయాడు.

బెంగళూరు వాళ్లు తెర మీద ఇంటర్వ్యూ చేశారు. శ్రీలేఖ రాత్రింబవళ్లు జన్యుశాస్త్రం బట్టీ పట్టి కూర్చుంది. వాళ్లు ఒక్క జన్యువు గురించి కూడా అడగలేదు. సంపు ఎంత లోతు, చేప ఎంత పొడుగు, కాలనీలో ఎన్ని ఇళ్లు ఒప్పుకున్నాయి, ఇవే ప్రశ్నలు. ఒకాయన నిజాయితీ గురించిన వాక్యం చదివి పకపకా నవ్వి, ఇలాంటి మనిషే మాకు కావాలన్నాడు. ఎంపిక జరిగింది. సీటు జన్యుశాస్త్రంలో కాదు, దోమల విభాగంలో. పని చేయాల్సింది చల్లటి గదిలో కాదు. ఉత్తర్వులో స్థలం పేరు స్పష్టంగా ఉంది: తూంకుంట.

ఇప్పుడు శ్రీలేఖ ప్రతి వారం శామీర్‌పేట నుంచి క్యాను మోసుకుంటూ ఆ కాలనీకి వెళ్తుంది. వెనక బుట్టతో బాలనర్సమ్మ నడుస్తుంది. వాచ్‌మన్ లేచి నిలబడి గేటు తీస్తాడు. ఎర్ర బోర్డు మీద ఎవరో "పరిశోధన చేపలకు తప్ప" అని చేర్చారు. ఆమె గదిలో తెల్లకోటు ఒకటి కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. అది కూడా చేపల వాసనే వేస్తోంది.

మొదటి ఆరు నెలల నివేదికలో ఆమె నిజమే రాసింది: కాలనీలో దోమలు తగ్గలేదు, కప్పలు మాత్రం ఒక్కటీ కనబడటం లేదు.